వేట మొదలైతే

మార్త ఎడమచేత్తో చొక్కా కాలరు తిప్పి పట్టుకుని, కుడిచేతిలోని చిన్న కత్తెరతో వేలాడే దారప్పోగును టక్కున తెంపింది. ఆ తర్వాత చేతులు, జేబు, గుండీల వెనక. చొక్కాను పక్కకు తోసి ఇంకోటి లాక్కుంది. బొమ్మనహళ్ళిలో హోసూరు రోడ్డు పక్కనున్న ఈ గార్మెంట్స్‌లో చేరినప్పటి నుంచీ ఆమె పని ఇదే. ఆమె చేతుల మీదుగా పోయిన చొక్కాలను ఏ దేశంలో ఎవరు తొడుక్కున్నారో గానీ, ఆమె బొటనవేలికి మాత్రం కత్తెర ఒరుసుకుని కాయ కాసింది. మనిషి పొట్టి, సన్నం. పైపన్ను ఒకటి కొంచెం ముందుకుంటుంది కాబట్టి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఈ రోజు ఆ అవసరం రాలేదు.

"ఏం మార్తక్కా, పొద్దన్నుంచి మూతి ముడుచుకోని ఉండావు?" అంది పక్కన నిలబడి పనిచేసే మమత.

"పాప ఈ పొద్దు పోతాదిమ్మా."

"పోనీక్కా. మంచి పనే గదా."

మంచి పనేనట! మైసూరు దాటి అడవి అంచున, దెబ్బలు తగిలిన జంతువులకు వైద్యం చేసే కేంద్రంలో సహాయకురాలి ఉద్యోగం. కూతురు అక్షర పశువైద్యంలో డిప్లొమా చదువుతానంటే, ఆవులూ మేకలే కదా అని మార్త ఒప్పుకుంది. చిరుతపులికి సూది వెయ్యడానికి తన పిల్లే దొరికిందా వీళ్ళకి? ఉద్యోగం వచ్చిందని అక్షర ఎగిరి గంతేసిన రోజు నుంచి ఇప్పటిదాకా మార్త వద్దనలేదు, పొమ్మనీ అనలేదు. 'పోయిరా' అనే ఒక్క మాట కోసం ఆ పిల్ల తన చుట్టూ తిరుగుతోందని తెలిసినా, ఆ మాట గొంతు దాటి రావడం లేదు.

తప్పంతా టీవీదే అనుకుంటుంది మార్త. ఆమె భర్త ఇస్సాకు బెళ్ళందూరులో అపార్ట్‌మెంట్లకు రంగులేసేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె క్యారియర్ పట్టుకుపోయి, కింద నిలబడి తలెత్తి అతన్ని పిలుస్తూండగానే, అతని కాలికింద పరంజా పలక జారింది. అప్పటికి అక్షరకు నాలుగేళ్ళు. ఆ తర్వాత తల్లీకూతుళ్ళిద్దరూ సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టారు. సీరియల్ పెడితే ఏడుపులు, వార్తలు పెడితే ఏడుపులు. జంతువుల చానల్లో మాత్రం ఎవరూ ఏడవరు. ఏనుగులు నీళ్ళు చల్లుకునేవి, కొంగలు పిల్లలకు చేపలు తెచ్చి పెట్టేవి. ఇద్దరూ నోరు తెరుచుకుని చూసేవాళ్ళు.

ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు. వేట మొదలైతే టీవీ ఆగిపోవాలి. గడ్డిలో చిరుత నడుం వంచిందో లేదో, మార్త బొటనవేలు రిమోట్ మీది ఎర్రబొత్తాన్ని నొక్కేది.

"ఏమయిందిమా జింకకి?" అనేది చిన్న అక్షర.

"తప్పించుకునిందిలే. తిను."

అలా మార్త ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్క జింకా చావలేదు. పిల్ల జడుసుకుంటుందని అలా చేస్తున్నానని అందరికీ చెప్పేది. జడుపు తనదే. ప్రాణం పోయే ఆ ఒక్క క్షణం ఎలా ఉంటుందో ఆమె ఒకసారి చూసింది, రెండోసారి చూడలేదు. పరుగెత్తిన ప్రతి జింకా చివరికి దొరికిపోతుందనీ, తాను రోజూ కూతురికి అబద్ధం చెబుతున్నాననీ ఆమెకు గట్టి నమ్మకం.

మధ్యాహ్నం సూపర్‌వైజర్‌ను అడిగి ఇంటికి వచ్చేసరికి, అక్షర బ్యాగు మీద కూర్చుని జిప్పు లాగుతోంది. పెద్దదయింది పిల్ల. భుజాలు అచ్చం వాళ్ళ నాన్నవే.

"అన్నీ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానుమా. టార్చి ఒక్కటే వెలగల్యా."

"దావలో కొనుక్కో."

చింతపులుసు కలుపుకుని ఇద్దరూ తిన్నారు. శాటిలైట్ బస్టాండులో బస్సెక్కాక అక్షర కిటికీలోంచి తల బయట పెట్టింది. కళ్ళు తల్లి నోటి మీదే ఉన్నాయి.

"నీళ్ళ బాటిల్ ఉండాదా?" అంది మార్త.

"ఉండాదిమా." అక్షర ఇంకాసేపు చూసింది. "వేరే ఏమీ చెప్పవా?"

బస్సు కదిలింది. మార్త చెయ్యెత్తి ఊపింది. తిరిగొచ్చే బస్సులో దారి పొడవునా తనను తాను తిట్టుకుంది.

ఇల్లు బోసిగా ఉంది. అన్నం పళ్ళెంలో పెట్టుకుని, అలవాటుగా గోడకున్న స్విచ్ వేసి చాప మీద కూర్చుంది. నిన్న చూసిన చానలే వచ్చింది. ఎండిన గడ్డిమైదానంలో ఒక పిల్ల జింక, మంద నుంచి కాస్త దూరంగా మేస్తోంది. కన్నడంలో వ్యాఖ్యానం చెప్పే ఆయన గొంతు తగ్గించాడు. గడ్డి కదిలింది.

మార్త చెయ్యి రిమోట్ మీదికి పోయింది. నొక్కింది. టీవీ ఆగలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కింది. చిరుత లేచింది. రిమోట్ తిప్పి చూస్తే వెనక మూత ఊడొచ్చింది, లోపల బ్యాటరీలు లేవు.

"అయ్యో ప్రభువా!"

స్విచ్ ఆపేద్దామని మోకాలి మీద లేచింది. అంతలో జింక పరుగందుకుంది. మార్త ఉన్నచోటే ఉండిపోయింది. వేళ్ళసందుల్లోంచి చూసింది. చిరుత దగ్గరికొచ్చింది, పంజా విసిరింది, జింక చటుక్కున పక్కకు తిరిగింది. మళ్ళీ దగ్గరయింది, జింక మళ్ళీ తిరిగింది. కాళ్ళు తడబడి పడబోయి నిలదొక్కుకుంది. దుమ్ములో ఏమీ కనబడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే చిరుత ఒక్కటే నిలబడి రొప్పుతోంది. దూరంగా మంద, మందలో పిల్ల జింక.

"తప్పించుకునింది!" అని కేక పెట్టింది మార్త.

"ఎవరే?" అంది గోడ అవతలి నుంచి పక్కింటి దొడ్డమ్మ.

మార్త అప్పటికే ఫోన్ చెవిలో పెట్టుకుంది. "పాపా, బ్యాటరీలు నువ్వేనా తీసింది?"

"టార్చికి కావాల్సొచ్చినాయిమా." నవ్వు ఆపుకుంటున్న గొంతు. "చూసినావా?"

"చూసినా! ఆ చిరుత నోరు తెరుచుకోని అట్లే నిలబడిపాయ!"

"చానాసార్లు అంతేమా. నువ్వు ఆపేస్తానే నేను దొడ్డమ్మ ఇంటికి ఉరికేది అందుకే. అన్నీ ఆడ చూసినా."

"దొంగపిల్లా! నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్మేదానివా?"

మార్త తెర వైపు చూసింది. ఇన్నేళ్ళూ తాను చెప్పిన అబద్ధంలో ఇంత నిజం ఉందా!

"ఒక్కోసారి దొరుకుతాది గదా పాపా?"

"దొరుకుతాదిమా. లేదని చెప్పను."

మార్త కళ్ళు తుడుచుకుంది. అబద్ధం చెప్పని ఆ జవాబుకే ఆమె గుండె కుదుటపడింది.

"పోయిరా పాపా. బాగా చెయ్యి పని."

"సరేమా," అంది అక్షర తడిసిన గొంతుతో.

మార్త ఫోన్ పెట్టి పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. రంగు పోయిన ఎర్రబొత్తాంతో, బ్యాటరీలు లేని రిమోట్ చాప మీద పక్కకు పడి ఉంది.