గోడకు సిగ్గు

ఒకప్పుడు మా ఊరికి దారి అడిగేవాడే లేడు. ఇప్పుడు ఇక్కడి కొత్త కట్టడాలు చూడటానికి మెడలో కెమెరాలు వేలాడేసుకుని బస్సులకు బస్సులు దిగుతున్నారు. ఆసుపత్రికి తలుపు ఎక్కడుందో రోగులు తడుముకోవాలి. గ్రంథాలయానికి కిటికీలు నెత్తిమీద పెట్టారు. పుస్తకం పైకెత్తి పట్టుకుని చదవాలి కాబోలు.

ఆ గ్రంథాలయానికి మా తమ్ముడే తాపీమేస్త్రీ. తోడబుట్టినవాళ్లందరూ పనులు వెతుక్కుంటూ తలోదిక్కూ పోగా నాకు మిగిలింది వాడొక్కడు. ఈ పని పోతే వాడూ పెట్టె సర్దుతాడని నాకు ఎప్పుడూ గుండెదడే.

ముందువైపు గోడ పోతపోయడానికి బిగించిన చెక్కలు విప్పేసరికి సిమెంటు మీద చారలు, గుంటలు. "ఇక అలాగే వదిలెయ్యండి" అని చెప్పి ఆర్కిటెక్టు ఊరెళ్లాడు. ఆరడానికి వదిలెయ్యమన్నాడనుకున్నాడు మావాడు. రెండు రోజులు ఆగి, తాపీతో అద్దంలా పూత పూశాడు.

తిరిగొచ్చి ఆర్కిటెక్టు నెత్తి పట్టుకున్నాడు.

"ఏంటయ్యా ఇది! ఆ చారల్లోనే ఉంది అందమంతా!"

"చారలు మా ఇంటి గోడకీ ఉన్నాయండీ. ఎవరూ ఫొటో తియ్యలేదు."

"రేపు పత్రికవాళ్లొస్తున్నారు. ఆ పూత మొత్తం చెక్కెయ్!"

ఒళ్లుమండి తమ్ముడు ఉలి పెట్టి ఎడాపెడా చెక్కాడు. గోడకు మశూచి పోసినట్టయింది.

"పని పోయినట్టేనట్రా?" అన్నాను.

"పోతే పోనీలే అక్కా. ఆ గోడ నేను కట్టానని మాత్రం ఎవరికీ చెప్పకు."

తర్వాతి నెల పత్రిక వచ్చింది. కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాను. ఆ గుంటల్లో 'శ్రామికుడి మౌన ఆవేదన' కనిపించిందట వాళ్లకి. ఆవేదనా పాడా! ఉత్త కోపం.

ఆ వారమే ఆర్కిటెక్టు మా ఇంటికొచ్చాడు.

"అమ్మా, మీ తమ్ముడి చెయ్యి బంగారం. నాలుగు ఊళ్లవాళ్లు ఇలాంటి గోడే కావాలంటున్నారు. నాతో తీసుకెళ్తాను."

"గోడ పాడుచెయ్యడానికి అక్కడ మనుషులే దొరకలేదా బాబూ?"

ఆయన నవ్వాడు. నేను జోకేశాననుకున్నాడు.

పని పోతే వెళ్లిపోతాడని భయపడ్డాను గానీ, పాడుచేసిన పనికి మెప్పొచ్చి వెళ్తాడని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. తమ్ముడు ఉలీ సుత్తీ సంచిలో వేసుకున్నాడు. తాపీ మాత్రం నా చేతిలో పెట్టాడు.

"ఇదుంచక్కా. అక్కడ నున్నగా చేస్తే తిడతారంట."