తిరగేసి చెక్కవలసినవి

వలయాల మాస్టారు గాజుబిళ్ళను వేళ్ళ కొసలతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేజరు ముందు బిగిస్తున్నారు. చొక్కా బొత్తామంత బిళ్ళ. అందులో వెంట్రుక మందంలో వందో వంతు లోతున, మెట్లు మెట్లుగా చెక్కిన వేల వలయాలు. లేజరు వెలుగును వంచి సన్నటి ఉంగరంలా పోగుచెయ్యడం వాటి పని. ఏ మెట్టు ఎంత ఎత్తుండాలో లెక్కకట్టి బొమ్మ గీసివ్వడం ఇరవై రెండేళ్ళుగా ఈయన పని. ఎవరైనా అడిగితే భార్య "ఏదో అద్దాల ఆఫీసులెండి" అనేసేది, ఆయనా దిద్దలేదు.

ఇప్పుడా బొమ్మలు కంప్యూటరే పూటలో గీసిపెడుతోంది. "ఈ ఒక్కటీ కుదిరితే మీ కుర్చీ మీదే. లేదంటే తర్వాత నన్ననొద్దు" అని మేనేజరు నెల క్రితమే ముఖాన చెప్పేశాడు. పాపం, మాస్టారు తిండీ తిప్పలూ మరిచి గీశారు.

స్విచ్చి నొక్కారు. ఉంగరం పడలేదు. ఎర్రటి మసక ఎదుటి తెరంతా పరుచుకుంది. బిళ్ళను ముందుకు జరిపారు, వెనక్కి జరిపారు. ఊహూఁ! బిళ్ళ కొందామని వచ్చి కూర్చున్నవాళ్ళు వాచీలు చూసుకుని లేచారు, వాళ్ళ వెనకే మేనేజరూ.

మాస్టారి బొమ్మల్ని గాజు మీద చెక్కే గది పెద్దాయన పోయి మూడు నెలలైంది. ఆయన చోటికి వచ్చిన అమ్మాయి, ఆయన సొరుగులో అప్పుడే దొరికిన ఓ పాత నోటుబుక్కు పట్టుకుని వచ్చింది.

"సార్, మీ బొమ్మలో నలుపంటే ఎత్తా?"

"అవునమ్మా. ఎప్పుడూ అంతేగా."

"మా దగ్గర నలుపంటే లోతు సార్. ఎత్తులన్నీ గుంటలైపోయాయి. అందుకే వెలుగు చెదిరిపోయింది."

"మరి ఇన్నాళ్ళూ ఎలా కుదిరిందీ?"

ఆమె నోటుబుక్కులో ఓ పేజీ తెరిచింది. పెద్దాయన చేతిరాత: 'మాస్టారి బొమ్మలన్నీ తిరగేసి చెక్కాలి. ఆయనకు చెప్పొద్దు, చిన్నబుచ్చుకుంటారు.'

మాస్టారు ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివారు. ఇరవై రెండేళ్ళు రోజూ పక్కన కూర్చుని టీ తాగిన మనిషి! ఒక్కసారి, ఒక్క మాట అని ఉంటే ఏం పోయేది? పోయినవాడి మీద కోప్పడి మాత్రం ఏం లాభం?

"మళ్ళీ చెక్కిస్తాను సార్, మూడు వారాల్లో..."

"ఎవరికమ్మా?" అన్నారు మెల్లగా. "నీ తప్పేం లేదు. నేను గీసినట్టే చెక్కావు."

సంచీ భుజాన వేసుకుని, గదిలో వాడే రబ్బరు చెప్పులతోనే వీధిలోకి నడిచి వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

తలుపు బయట అరలో ఆయన బూట్లు అలాగే ఉన్నాయి. ఎడమదాని మడమ ఓ పక్కకు అరిగిపోయింది, లోపల మేజోళ్ళు ఉండచుట్టి ఉన్నాయి.