అలియాస్ చిన్నబ్బ

తప్పంతా తనదేనని వసంతమ్మ నమ్మకం. కాదని ఎవరు చెప్పినా చెవికెక్కేది కాదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది చిత్తూరు బెల్లం మండీలో మూటలు మాయమయ్యాయి. అక్కడ మూటలు మోసే ఆమె కొడుకు మునిరామయ్యను అనుమానం మీద పట్టుకుపోయారు. మరునాడు పూతలపట్టులో ఇంటికి ఒక పోలీసాయన వచ్చాడు. ఆ మహానుభావుడు కసురుకున్నా బాగుండేది. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, మెత్తగా అడిగాడు.

"నీ కొడుకును ఇంట్లో ఏమని పిలుస్తారమ్మా?"

వసంతమ్మకు ప్రాణం లేచొచ్చింది. ముద్దుపేరు వింటే, వాడూ ఒక తల్లి బిడ్డేనని ఈయనకు జాలి పుడుతుందనుకుంది, పిచ్చిది.

"చిన్నబ్బా అంటాము సామీ. ఉయ్యాల్లో ఉన్నప్పుడు నేను పెట్టుకున్న పేరు. అట్లా పిలిస్తే యాడుండినా పలుకుతాడు" అని అడగనిది కూడా చెప్పింది. ఆయన తలూపి రాసుకున్నాడు.

వాయిదా రోజు కోర్టు వరండాలో బంట్రోతు గొంతెత్తి అరిచాడు. "మునిరామయ్య అలియాస్ చిన్నబ్బ!" ఒకసారి కాదు, మూడుసార్లు. వరండాలో ఉన్నవాళ్ళంతా మెడలు తిప్పి చూశారు.

వసంతమ్మ వకీలు గుమాస్తా దామోదరాన్ని పక్కకు పిలిచింది.

"పేరు నడమ అలియాసని ఏందో అంటాడే, అదేంది నాయనా?"

"మారుపేరమ్మా. ఊరికో పేరు చెప్పుకోని తిరిగే దొంగలుంటారు గదా, అట్లాంటోళ్ళకు రాస్తారు."

"వాడు చెప్పుకోలేదు నాయనా. నేను పెట్టినాను."

"ఎవురు పెట్టినారో కాయితంలో ఉండదు గదమ్మా" అన్నాడు దామోదరం. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

చివరికి కేసు కొట్టేశారు. మండీలో మాత్రం మళ్ళీ పని ఇవ్వలేదు. కూడలిలో టీ తాగుదామని నిలబడితే "ఏమబ్బా అలియాసూ" అని పలకరించేవాళ్ళు, సిగ్గులేని జనం. ఇంట్లో వసంతమ్మ ఆ పేరు నోటికి రానివ్వడం మానేసింది. "మునిరామయ్యా, అన్నానికి రా" అని పొరుగింటివాణ్ణి పిలిచినట్టు పిలిచేది. మొదట్లో అతను వెంటనే పలికేవాడు కాదు, తనను కాదనుకుని.

మామిడికాయల కాలంలో ఎవరి తోటలోనో కరెంటు మోటారు దొంగలు ఎత్తుకుపోయారు. కొత్త పోలీసాయన ఒకడు గడప ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చిన్నబ్బ ఇల్లు ఇదేనా?"

లోపల మునిరామయ్య అన్నం తింటున్నాడు. వసంతమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది.

"ఆ పేరు గలోడు ఈడ లేడు సామీ. సచ్చిపోయినాడు."

"మరి లోపల ఎవురు?"

"నా కొడుకు, మునిరామయ్య."

ఆయన లోపలికి తొంగి చూసి, మళ్ళీ వస్తానని కదిలాడు. వసంతమ్మ గబగబా వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. కంచంలో అతని చెయ్యి ఆగిపోయి ఉంది. కన్న నోటితోనే అనరాని మాట అనేసింది. చిన్నబ్బా అని ఒక్కసారి పిలిస్తే ఆ పాడుమాట వెనక్కి పోతుందనిపించింది. పిలవబోయింది. బయట బూట్ల చప్పుడు ఇంకా వీధి దాటలేదు.

"ఇంకొంచెం మజ్జిగ పోసుకో, మునిరామయ్యా" అంది.