నలుగురు మోసిన పెట్టె

నేను ఒక ప్రార్థన విన్నపాల పెట్టెను. మనుషులు దేవుడికి చెప్పుకోవలసినవి చీటీల మీద రాసి నా నోట్లో వేస్తారు. ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు ఆ చీటీలు తీసి, పైకి చదివి, సంఘమంతటి చేత ప్రార్థన చేయిస్తారు. పదిహేడేళ్ళు ఇదే పని చేశాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏమిటంటే, చెవుడు దేవుడికి కాదు, చీటీలు వినే మనుషులకే. కోపంగా మాట్లాడుతున్నానని అనుకుంటే అనుకోండి. నాకు కోపంగానే ఉంది.

కొత్తమెరకలో పాత పెంకుల చర్చి పడగొట్టి మేడ కట్టినప్పుడు, పాత తలుపుల టేకుతో నన్ను చేయించారు. వడ్రంగి బ్రహ్మయ్య చర్చికి వచ్చేవాడు కాదు. పని మధ్యలో రంపం ఆపి సంఘ పెద్ద జ్ఞానప్రకాశం గారిని అడిగాడు.

"మీ దేవుడికి ఉత్తరం రాస్తేగానీ తెలీదాండీ?"

పెద్దాయన నవ్వి, "ఆయనకి అన్నీ తెలుసు బ్రహ్మయ్యా. ఒకళ్ళ కష్టం ఒకళ్ళకి తెలియాలని మేం రాసుకుంటాం, అంతే" అన్నారు. ఎంత మంచి మాట. అన్నది ఆయనే, మరిచిపోయిందీ ఆయనే.

చీటీలకు చెప్పుల డబ్బా అంత పెట్టె చాలు. కానీ పెద్దాయనకు ఏదైనా ఘనంగా ఉండాలి. అందుకని నన్ను మనిషి రొమ్ముల ఎత్తున, నాలుగు కాళ్ళతో, ముందు అద్దంతో చేయించారు. నలుగురు పట్టుకుంటే గానీ కదలను. కొత్త చర్చిలో కింద సండేస్కూలు గదులు, ఆరాధన మేడమీద. మధ్య ఇరవై ఆరు మెట్లు. ఆ మెట్లకు ఎగువన, తలుపు పక్కన నన్ను నిలబెట్టారు.

ఆ మెట్లకు స్లాబు వేసిన రోజు ఇసుక తట్టలు మోసినవాళ్ళలో సువార్తమ్మ ఒకతె. అప్పటికి నేనింకా చెక్కలుగా ఓ మూల పడి ఉన్నాను, నా ముందు నుంచే తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగింది. పదేళ్ళు గడిచేసరికి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. మొదట గోడ పట్టుకుని ఎక్కింది. తర్వాత మెట్టు మెట్టుకీ కూర్చుంటూ ఎక్కింది. ఆ తర్వాత కింది మెట్టు మీదే ఆగిపోయి, మైకులో వాక్యం వినేది.

ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. పైన అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాక నెహెమ్యా అయ్యగారు కిందికి దిగి ఆవిడకు ఇచ్చి, తలమీద చెయ్యి పెట్టి వెళ్ళేవారు. ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక చెప్పేసింది.

"ఒక్కదాన్నే తింటే అది మందయ్యగారూ. అందరితో కూచుని తింటేనే విందు. నేను పోయేలోపు ఒక్కసారి పైన మీ అందరితో కూచుని తీసుకోవాలనుందండి."

"చీటీ రాసి పంపమ్మా. సంఘమంతా ప్రార్థన చేద్దాం" అన్నారు అయ్యగారు.

అప్పటి నుంచి మెట్లెక్కే ఎవరినో ఒకరిని బతిమాలి ప్రతి వారం చీటీ పంపేది. 'నా మోకాళ్ళ కొరకు. నాకు పైకి రావాలని ఉంది.' సంఘం ప్రార్థన చేసింది. ఉన్నమాట చెప్పాలి, కన్నీళ్ళు పెట్టుకుని మరీ చేసింది. ఒక ఆదివారం అయ్యగారు పక్షవాయువు రోగి సంగతి చెప్పారు. నలుగురు వాణ్ణి మంచంతో సహా మోసుకొచ్చారు, జనంలో దారి లేకపోతే ఇంటి కప్పు విప్పి యేసు ముందు దించారు. "ఆ నలుగురి విశ్వాసం మనలో ఉందా" అని ఆయన బల్ల గుద్ది అడిగితే, హాలంతా ఆమేన్ అంది. కింది మెట్టు మీద నుంచి కూడా ఒక సన్నటి ఆమేన్ వినబడింది. నాకు నోరుంది గానీ మాట లేదు, కాళ్ళున్నాయి గానీ నడక లేదు. ఉంటే ఆ రోజు ఊరుకునేదాన్ని కాదు.

తర్వాతి నెల పెద్దలు కూర్చుని ఆవిడ సంగతి ఆలోచించారు. మామ్మగారు చీటీ కోసం అందరినీ బతిమాలుకోవలసి వస్తోంది, కాబట్టి పెట్టెనే కిందికి దించుదాం అని తీర్మానించారు. నాకు పూలదండ వేశారు. నలుగురు కుర్రాళ్ళు నడుములు బిగించి నన్ను ఎత్తారు. "మెల్లిగా బాబూ, మూల తగులుద్ది" అంటూ పెద్దాయన ముందు నడిచారు. ఇరవై ఆరు మెట్లూ దించి సువార్తమ్మ పక్కన నిలబెట్టి, ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించారు.

చెమట తుడుచుకుంటున్న ఆ నలుగురినీ ఆవిడ తేరిపార చూసింది.

"దీనికీ మోకాళ్ళ నొప్పులేనా నాయనా?" అంది.

నలుగురూ నవ్వారు. "మామ్మ భలే మాట్లాడుద్దిరా" అనుకుంటూ పైకి వెళ్ళిపోయారు.

ఆ మరుసటి వారం ఆవిడ తన చేత్తోనే ఒక చీటీ నాలో వేసింది. ఎప్పటి మాట కాదు అందులో ఉన్నది. 'ఇక నా మోకాళ్ళ కొరకు వద్దు. మన సంఘంలో మోసేవాళ్ళ భుజాల కొరకు ప్రార్థన చేయండి.' ఏ చీటీ మీదా నేను అంత ఆశ పెట్టుకోలేదు. ఇంతకన్నా విడమరిచి ఎవరు చెప్పగలరు?

మైకులో అయ్యగారు ఆ చీటీ చదవడం ఇద్దరం విన్నాం. సువార్తమ్మ కొంగు సర్దుకుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. మెట్ల పైకి చూస్తూ కూర్చుంది.

"ప్రియులారా," అన్నారు అయ్యగారు, "మన మధ్య మూటలు మోసి బతికే కష్టజీవులు ఎందరో ఉన్నారు. ఈ తల్లి తన నొప్పి మరిచి వాళ్ళ భుజాల కోసం అడిగింది. ఎంత ప్రేమ చూడండి. అందరం లేచి నిలబడదాం."

పది నిమిషాలు భుజాల నొప్పుల కొరకు ప్రార్థన జరిగింది. అది ముగియకముందే సువార్తమ్మ చెప్పులు మళ్ళీ తొడుక్కుంది. పై వారం ముగ్గురు సాక్ష్యం చెప్పారు, తమ భుజం నొప్పి పోయిందని. పెద్దాయన అయితే ఎన్నాళ్ళుగానో లేవని చెయ్యి ఎత్తి చూపించారట. హాలంతా చప్పట్లు.

ఆ ఏడాది వానాకాలం ముసుర్లలోనే సువార్తమ్మ కన్నుమూసింది. భూస్థాపనకు ముందు ఆరాధన మేడమీద పెట్టారు. శవపేటిక మెట్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగలేదు. నన్ను దించిన ఆ నలుగురు కుర్రాళ్ళే దాన్ని భుజాలకెత్తుకుని ఇరవై ఆరు మెట్లూ ఎక్కేశారు. తీసుకెళ్ళి ప్రభువు బల్ల ముందు దించారు.

ఇప్పుడు నేను మెట్ల కింద కొట్టులో, విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. విన్నపాలన్నీ ఫోన్లో గ్రూపుకు పంపుతున్నారు. ఒక్కో విన్నపం కింద చేతులు జోడించిన బొమ్మలు వందలకొద్దీ పడతాయట. ఆదివారం పొద్దున్నే సంఘమంతా నా నెత్తిమీదుగా మెట్లెక్కి పోతుంటే వింటూ ఉంటాను. భుజం నొప్పి అని ఒక్కళ్ళూ మూలగరు. ఆవిడ ఆఖరి చీటీ మీద చేసిన ఆ ప్రార్థన, దేవుడు విన్నాడు.