మేస్త్రి వెన్నులో సిమెంటు

ఊళ్లో సగం గోడల్ని నిటారుగా నిలబెట్టిన తాపీ మేస్త్రి రెండు నెలలుగా తానే నిలబడలేకపోతున్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్లో పడిందంటారు, అదే వరస. క్యాన్సరు కణితి వెన్నుపూసలోకి పాకి ఎముకను గుల్ల చేసిందని స్కానింగులో తేలింది. ఇంటిముందు మెట్టు కట్టమని భార్య ఇరవై ఏళ్లుగా పోరుతోంది. ఇప్పటికీ పాత చెక్కపెట్టె మీదుగానే ఇంట్లోకి ఎక్కుతారు. ఆ మెట్టు కట్టకుండానే పోతానేమోనన్నది మేస్త్రి బెంగ.

డాక్టరమ్మ వివరించింది. పెద్ద కోత ఉండదు. తెరమీద బొమ్మ చూసుకుంటూ వీపులోంచి సూది దింపి, వేడితో కణితికి వాత పెట్టి, ఆ ఖాళీలో సిమెంటు నింపుతుంది. అప్పటిదాకా ఊ కొడుతున్న మేస్త్రి సిమెంటు అనగానే చెవులు రిక్కించాడు. పాళ్లెంత, ఇసుక కలుపుతారా, ఎన్ని రోజులు నీళ్లు కొట్టాలి అని వరసగా అడిగాడు. ఇసుక ఉండదనీ, పావుగంటలో గట్టిపడుతుందనీ విని నొచ్చుకున్నాడు. అంత తొందరగా గట్టిపడేదాన్ని అతను జన్మలో నమ్మలేదు.

బల్లమీద బోర్లా పడుకోబెట్టారు. మత్తు వీపు వరకే గనక మాటలన్నీ వినిపిస్తున్నాయి. వాత పెట్టడం అయింది. సిమెంటు కలిపామని నర్సు అనగానే మేస్త్రి తల ఎత్తకుండానే నోరు విప్పాడు.

"పలచగా ఉంటే పొయ్యకండమ్మా. కారిపోద్ది."

డాక్టరమ్మ ఆగింది కూడా అందుకే. కారితే పక్కనున్న నరాలకు ముప్పు. ముద్ద కట్టాక కొద్దికొద్దిగా ఎక్కించింది. ఈవిడకి పని వచ్చు అనుకున్నాక అతనికి భయం సగం తగ్గింది.

మర్నాడు లేచి నిలబడ్డాడు. నొప్పి చాలావరకు పోయింది. ఈ సిమెంటు ఎన్నాళ్లుంటుందని అడిగితే ఆవిడ దాచలేదు.

"ఎముకకి నా పూచీ. జబ్బుకి మాత్రం ఇవ్వలేను."

నలభై ఏళ్లుగా ఇళ్లవాళ్లతో అతనూ అదే చెబుతూ వచ్చాడు, గోడకి నా పూచీ, నేలకి కాదు అని. అందుకే వెంటనే అర్థమైంది.

ఇంటికొచ్చిన వారానికి సిమెంటు, ఇసుక, ఇటుకలు తెప్పించాడు. బరువెత్తొద్దన్నారు గనక కుర్చీలో కూర్చుని పురమాయించాడు. తాపీ భార్య పట్టింది. కలిపిన మాలు పలచన అన్నాడు, చిక్కన అన్నాడు, ఇటుక వంకర అన్నాడు. ఆమె అన్నీ పడింది. సాయంత్రానికి మెట్టు లేచింది.

"ఉంటుందా?" అంది ఆమె, మెట్టుకేసి చూడకుండా.

మేస్త్రి మెట్టువైపు తిరిగాడు.

"మెట్టుకి నా పూచీ" అన్నాడు. "రేపట్నించి నీళ్లు కొట్టు. మర్చిపోకు."