హెక్టర్ మంచం

మర్డాక్ ఎడమ చెయ్యి చొక్కాలోకి రానంటోంది. ఎఫీ మోకాలు మంచానికి ఆనించి, నడుం కలుక్కుమన్నా పళ్ళు బిగబట్టి, ఆ చేతిని గుంజింది. పక్షవాతం కొట్టిన చెయ్యి తడిసిన వలంత బరువు.

"నువ్వూ ఓ చెయ్యి వెయ్యవయ్యా మహారాజా, అన్నీ నేనే లాగాలా?"

మర్డాక్ సగం మూతితో నవ్వాడు. మాట పడిపోయింది గానీ నవ్వు పడిపోలేదు.

సముద్రపు గట్టుమీది ఆ సైనికుల హోమ్‌లో అతనికిచ్చిన గడువు ఈ రోజుతో సరి. ఎఫీకి నడుం పట్టేసిందని, ఆమె కోలుకునేదాకా ఉంచుకున్నారంతే. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంట్లో ఏముంది? మెట్లూ, మంచూ, ఆమే. పోయిన చలికాలం వంటింట్లో పడిపోతే లేపలేక, అతని మీద రగ్గు కప్పి, తనూ పక్కనే నేలమీద పడుకుంది, వాకిట్లో మంచు తోసే డంకన్ వచ్చేదాకా. మర్డాక్‌కి మాత్రం ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నట్టు కళ్ళనీళ్ళు.

ఆ కేప్ బ్రెటన్ దీవిలో ఎవరింటికెళ్ళినా గుమ్మంలోనే బూట్లు విప్పడం మర్యాద. ఈ హోమ్‌లో మాత్రం చూడవచ్చినవాళ్ళెవరూ విప్పరు. ఉండిపోయేవాళ్ళ బూట్లే మంచాల కింద కనిపిస్తాయి. ఎఫీ కూడా రోజూ గుమ్మంలోని కాళ్ళపట్టా మీద మంచు దులుపుకుని, బూట్లతోనే వచ్చి, బూట్లతోనే పోయేది.

కిటికీ పక్క మంచానికి తెర లాగి ఉంది. తెర వెనకనుంచి రోనా తల బయటపెట్టింది. వాళ్ళ ఊరి కుంటి ఆలన్ కూతురు, ఇక్కడ ఆయాగా చేస్తోంది.

"పెద్దమ్మా, హెక్టర్ తాత పోయాడు. తెల్లారగట్టే."

"అయ్యో, నిన్న నా ఓట్స్ రొట్టె రాయిలా ఉందని తిట్టాడే!"

"తిట్టి రెండు తిన్నాడులే."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. హెక్టర్ రెండో మహాయుద్ధం మనిషి. ఇక్కడి మంచాలకి సర్కారు డబ్బిచ్చేది ఆ తరం వాళ్ళకే. మనిషి పోతే ఆ మంచానికీ డబ్బు ఆగిపోతుంది. పరుపు చుట్టేస్తారు. అలా చుట్టేసిన పరుపులు ఆ వరసలో చాలానే ఉన్నాయి. బయటి హోమ్‌లో చేర్చాలంటే మర్డాక్ పింఛను సగానికీ చాలదు.

ఒక్క దారి మిగిలింది. కాళ్ళు బొత్తిగా లేవనివాడైతే, తర్వాతి కాలపు సైనికుడికైనా అలాంటి మంచం ఇప్పించమని పైకి రాయొచ్చు. అది చూసి రాయడానికే పట్నం నుంచి క్రీజర్ అనే ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, గొంతు కూడా మెత్తనే.

"మీ ఆయన సైప్రస్ వెళ్ళారు కదమ్మా, శాంతి కాపాడ్డానికి. అది యుద్ధం కిందకి రాదు. అందుకే ఇంత ఇబ్బంది."

"అవును నాయనా, పెళ్ళి భోజనానికెళ్ళాడు. భుజంలో ఆ ఇనపముక్క అక్కడిచ్చిన కానుకే."

క్రీజర్ తల దించుకున్నాడు. "ఆయన కాళ్ళమీద నిలబడలేరంటే చాలమ్మా. నేను రాస్తాను."

"నిలబడగలిగితే ఇక్కడికెందుకు తెస్తాను?"

అప్పుడే గంట మోగింది.

ఆ హోమ్‌లో ఎవరు పోయినా దొడ్డిదారిన పంపరు. జెండా కప్పి, గంట కొట్టి, ముందు గుమ్మంలోంచే సాగనంపుతారు. లేవగలిగిన ప్రతివాడూ లేచి నిలబడతాడు. తెర తొలిగింది. చక్రాల బండి మీద, జెండా కింద హెక్టర్ చిన్నపిల్లాడంత ఉన్నాడు.

అప్పటికే చక్రాల కుర్చీలోకి దింపిన మర్డాక్ కుడిచెయ్యి కుర్చీ కమ్మీని పట్టుకుంది. ఎఫీకి అర్థమైంది. ఆ భుజం మీద చెయ్యి వేసి అదిమితే చాలు, కూర్చుండిపోతాడు. క్రీజర్ ఎదురుగానే ఉన్నాడు. చెయ్యి భుజందాకా పోయింది కూడా. కానీ అదమలేకపోయింది. వంగి అతని మెడ దగ్గర బొత్తాం పెట్టింది.

మర్డాక్ లేచాడు. ఎలా లేచాడో ఆ దేవుడికే తెలియాలి. గోడకి వీపు ఆనించి, కాళ్ళు గడగడ వణుకుతుంటే, కుడిచెయ్యి నుదుటిదాకా ఎత్తాడు. బండి గుమ్మం దాటేదాకా దించలేదు. దాటగానే కుప్పలా కుర్చీలో పడ్డాడు. పంట్లాం తడిసిపోయింది.

"నిలబడ్డారమ్మా" అన్నాడు క్రీజర్, తనే తప్పు చేసినట్టు.

"చూశాను."

"చూడలేదని నేను రాయలేను."

"రాయొద్దు. చచ్చిపోయినవాడి కోసం లేచాడని రాయి."

"అలా రాయడానికి చోటు లేదమ్మా ఈ ఫారంలో."

రోనా హెక్టర్ పక్కబట్టలు తీసేసి, పరుపు చుట్టబోయి ఆగింది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ మర్డాక్ కోటు తెచ్చింది. "పెద్దమ్మా, కారు పిలవనా?"

ఎఫీ ఆ కోటు తీసుకుని కొక్కేనికి తగిలించింది. మర్డాక్‌కి పొడి పంట్లాం తొడిగింది. చక్రాల కుర్చీని కిటికీ దగ్గరికి తోసి, సముద్రం కనపడేలా తిప్పింది. తర్వాత వెళ్ళి హెక్టర్ మంచం మీద, చుట్టబోతున్న ఆ పరుపు మీదే కూర్చుంది.

"లేవండమ్మా" అన్నాడు క్రీజర్.

"మేం వెళ్ళం నాయనా."

వంగలేక వంగి, బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయింది, వేళ్ళు తిరగలేదు. అయినా విప్పింది. రెండు బూట్లూ జోడుగా పెట్టి, మడమతో మంచం కిందికి తోసింది. అడుగు సందుల్లో మిగిలిన మంచు కరిగి, సన్నగా నీళ్ళు నేలమీద క్రీజర్ కాళ్ళవైపు పాకసాగాయి.