రేకు మీద మూడు దెబ్బలు

తలుపు కొట్టకుండా లోపలికొచ్చిన సైనికుడు ముందు టోపీ తీశాడు. ఆ తర్వాత ఓడెట్ చెయ్యి వెనక్కి విరిచాడు.

సోమవారం కాబట్టి ఓడెట్ ఎర్ర బీన్సు వండుతోంది. తుపాను వెళ్లి వారం దాటినా, కాలువ గట్టు తెగి బెల్‌ఫోంటేన్ వార్డు సగానికి పైగా నీళ్లలోనే ఉన్నా, న్యూ ఆర్లియన్స్‌లో సోమవారమంటే ఇంటింటా ఎర్ర బీన్సే. ఆమె ఇల్లు మిట్ట మీద ఉంది కనక నిలిచింది. వంటింటి గుమ్మం పైన రెండు మేకుల మీద ఆమె తండ్రి నాటి జోడు గొట్టాల తుపాకీ ఉంది. వాళ్లు వచ్చింది దానికోసం.

"ఎవర్ని కాల్చడానికమ్మా ఇది?" అన్నాడు పెద్ద సైనికుడు.

"బాతుల్ని. అవైనా నీలాగ చెప్పాపెట్టకుండా వంటింట్లోకి రావు."

వెనకున్న కుర్ర సైనికుడికి నవ్వొచ్చింది. పెద్దవాడికి రాలేదు. ఆమెను బోర్లా పడేసి, వీపు మీద మోకాలు ఆనించి, తుపాకీ దించుకున్నాడు. గరిటె ఎటో పోయింది. ఓడెట్‌కి అరవై రెండేళ్లు. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో ఊళ్లో సగం మంది పిల్లలకి అన్నం పెట్టింది. ఆమె చెంప ఇప్పుడు తన వంటింటి నేలకే ఆని ఉంది.

వసారాలోకి ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టారు. అదే సమయానికి ఒక లారీ ఆ వీధినే పోయింది. అందులో పై వీధి మేడల యజమానులు కూలికి తెచ్చుకున్న గార్డులు ఉన్నారు. ఒక్కొక్కడి ఒళ్లో ఒక్కో పొడుగాటి రైఫిల్. పెద్ద సైనికుడు వాళ్లకి చెయ్యూపాడు.

"వాళ్లవి తీసుకోవా?" అనడిగింది ఓడెట్.

"వాళ్లకి అనుమతుంది. మీ వైపునించి హెలికాప్టర్ల మీద కాల్పులు జరుగుతున్నాయి. వినబళ్లేదా?"

ఆమెకు కోపం రావాలి. రాలేదు. నీళ్లు వచ్చిన రోజునించీ ఆమె లోపల ఏదో మొద్దుబారి ఉంది. వాళ్లు వెళ్లాక లోపలికి పోయి గరిటె వెతుక్కుని, కడిగి, మాడిపోతున్న బీన్సు కలిపింది.

ఆ మధ్యాహ్నం సంఘం హాల్లో సభ జరిగింది. సంఘమంటే బెల్‌ఫోంటేన్ సహాయ సంఘం. వార్డులో ఎవరు పోయినా శవపేటిక దానిదే, ముందు నడిచే బ్యాండు దానిదే. ఓడల్లో సరుకులు మోసి, గుల్లలు ఒలిచి, తెల్లవాళ్ల దుప్పట్లు ఉతికి, చచ్చాకైనా మర్యాదగా పోదామని తాతలు పెట్టుకున్న సంఘం. ఇల్లు మునిగిన వాళ్లంతా ఆ హాలు మేడ మీదే పడుకుంటున్నారు. చెమట, తడిబట్టలు, పసిపిల్లల ఏడుపు.

అధ్యక్షుడు ప్రాస్పర్. రేవులో కూలిగా పనిచేసి మానుకున్న మనిషి, బ్యాండులో పెద్ద డప్పు ఆయనదే. లేచి చేతులెత్తాడు.

"అందరూ వినండి. ఆఫీసరుతో మాట్లాడొచ్చాను. మిగిలిన తుపాకులు మనంతట మనమే అప్పగిస్తే ఇళ్లలోకి రారు, ఆడవాళ్ల మీద చెయ్యి వెయ్యరు. రోజూ పొద్దున్నే దిగువ వీధులకి పడవ పంపి, ఇరుక్కున్నవాళ్లని తెస్తామన్నారు."

"ఎవరికి చెప్తున్నావు బాబాయ్ ఈ కథ?" అంది జెనోబియా. నర్సు చదువు చదువుతున్న పిల్ల, మాట్లాడ్డం మొదలుపెడితే ఆగదు. "ఇదే ఊళ్లో రెండు రకాల తుపాకులున్నాయా? పై వీధిలో ఉంటే రక్షణ, మన గుమ్మం మీద ఉంటే నేరమా? మా తాత వసారాలో తుపాకీ పెట్టుకుని ఎందుకు కూర్చున్నాడు? ముసుగులేసుకుని గుర్రాలెక్కి వచ్చే తెల్లవాళ్లకి భయపడి. అప్పుడూ ముందు మనవే లాక్కున్నారు."

"తాత కాలం కాదే ఇది! బయట తుపాకీ పట్టుకుని కనపడితే కాల్చేస్తున్నారు. పిల్లల్ని చంపుకుందామా?"

ప్రాస్పర్ చెడ్డవాడు కాదు. భయపడ్డ పెద్దమనిషి, అంతే. భయపడ్డ పెద్దమనుషుల మంచితనం మీదే ప్రభుత్వాలు నడుస్తాయి.

గోడవారనించి ఓడెట్ తమ్ముడు ఆల్సీడ్ లేచాడు. బతుకంతా చిత్తడి నేలల్లో గుల్లలు ఏరిన మనిషి. తుపాను వెళ్లినప్పట్నించీ తన బల్లకట్టు పడవలో జనాన్ని చేరవేస్తున్నాడు.

"హెలికాప్టర్ మీద ఎవడు కాలుస్తున్నాడో నాకు చెప్పండి," అన్నాడు. "ఆ బురదలో మనం ఎట్లా బతికాం? దారి తప్పినా, పాము కరిచినా, ఆకాశంలోకి మూడు కాలుస్తాం. ఆగి మళ్లీ మూడు. విన్నవాడు ఎంత పనున్నా వదిలేసి వస్తాడు. మన పిలుపది. ఇళ్ల కప్పుల మీద కూర్చున్నోళ్లు ఆ పిలుపే పిలుస్తున్నారు. పైన తిరిగే మొద్దు వెధవలకి అది యుద్ధంలా వినిపిస్తే మన తప్పా?"

"ఆ మాటే ఆఫీసరుకి చెప్పాను," అన్నాడు ప్రాస్పర్.

"ఏమన్నాడు?"

"కేకలెయ్యమన్నాడు."

హాల్లో కొందరు నవ్వారు. ఆల్సీడ్ నవ్వలేదు. "నీళ్ల మీద గొంతు ఎంతదూరం పోతుంది పెద్దాయనా? తుపాకీ ఇచ్చేస్తే నోరిచ్చేసినట్టే."

చేతులెత్తమన్నారు. చాలా చేతులు ప్రాస్పర్ వైపే లేచాయి. ఓడెట్ చెయ్యి కూడా లేచింది. నమ్మి కాదు. ఒళ్లు బరువుగా ఉంది, ఎలాగైనా ఇది ముగిసిపోతే చాలనుకుంది.

"అక్కా, నువ్వు కూడానా?" అన్నాడు ఆల్సీడ్.

"నాది ఎలాగూ పోయిందిరా."

ఎక్కువమంది ఎత్తిన చేతికి అందరూ కట్టుబడాలన్నది సంఘం పద్ధతి. గుమ్మం దగ్గర పోగుపడ్డ తుపాకుల మీద ఆల్సీడ్ చివర్న తనది పెట్టి వచ్చాడు. సాయంత్రం సైనికులు వచ్చి ట్రక్కులోకి విసిరేసుకున్నారు, కట్టెలు వేసుకున్నట్టు.

మర్నాడు పొద్దున పడవ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ప్రాస్పర్ రెండుసార్లు వెళ్లి అడిగొచ్చాడు. పడవలన్నీ పై వీధి మేడల్లోంచి సామాన్లు తేవడానికి పోయాయట.

"ఫిలొమీన్ పిన్ని ఇంకా అటకమీదే ఉంది," అన్నాడు ఆల్సీడ్. "కుక్కల్ని వదిలి రానని మొండికేసింది. ఇవాళ కుక్కలతో సహా తెచ్చేస్తా."

"ఒంటరిగానా?" అంది ఓడెట్.

"నువ్వొస్తావా? వస్తే పడవ మునుగుతుంది."

"పోరా! పిన్నికి ఈ డబ్బా ఇవ్వు. దార్లో నువ్వు తినకు."

"మూత తీసి వాసన చూస్తా, అంతే," అని నవ్వుతూ మిట్టదిగి వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా హాల్లో అన్నాలు పెడుతున్నారు. ఓడెట్ వడ్డిస్తోంది. నీళ్లవైపునించి చప్పుడు వచ్చింది. రేకు మీద ఏదో కొట్టుకుంటున్నట్టు మూడు దెబ్బలు. ఆగింది. మళ్లీ మూడు.

"ఏమిటది?" అన్నారు ఎవరో.

"కప్పు రేకు ఊడిపోయుంటుంది. గాలికి కొట్టుకుంటోంది," అన్నాడు ప్రాస్పర్.

ఓడెట్ గరిటె పట్టుకుని కాసేపు విన్నది. తర్వాత పక్కవాళ్లకి వడ్డించింది. తుపాకీ మోతకి అలవాటుపడ్డ చెవులు, రేకు చప్పుడుని పోల్చుకోలేదు. చప్పుడు చాలాసేపు వచ్చింది. పోనుపోను దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. ఆ సాయంత్రం ఆకు కూడా కదలడం లేదని, అసలు గాలే లేదని అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆల్సీడ్ రాత్రికీ తిరిగిరాకపోయేసరికి, పొద్దున్నే ఓడెట్, ఇంకొందరు తలుపు చెక్కలతో తెప్ప కట్టుకుని వెళ్లారు. ఫిలొమీన్ ఇంటి కప్పుమీద ముసలమ్మ ఉంది, కుక్కలున్నాయి, ఆల్సీడ్ ఉన్నాడు. నీళ్లలో మునిగిన ఇనుప కంచె పడవని చీల్చి, అతని తొడని చీల్చింది. ముసలమ్మ తన గౌను చింపి కట్టింది కానీ నెత్తురు ఆగలేదు. తెడ్డు ఇంకా అతని చేతిలోనే ఉంది. పక్కన రేకు సొట్టలు పడి ఉంది.

"మూడు కొట్టి ఆగేవాడు," అంది ఫిలొమీన్. "'పిన్నీ, హాలు ఇక్కడికి దగ్గరే, మా అక్క వింటది, మనవాళ్లకి తెలుసు' అన్నాడు. చీకటిపడేదాకా అదే మాట. మీరు వినలేదేమే ఓడెట్?"

ఓడెట్ తమ్ముడి పక్కన కూర్చుంది. తెడ్డు అతని వేళ్లలోంచి విడిపించింది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. తమ్ముడి కళ్లు మూసినప్పుడు కూడా ఆమె చేతులు ఎవరివో పరాయివి లాగే ఉన్నాయి.

శవాన్ని సైనికులు తీసుకుపోయారు. ఎక్కడికో చెప్పలేదు. సంఘం పుట్టాక బ్యాండు లేకుండా పోయిన మొదటి మనిషి ఆల్సీడ్. ప్రాస్పర్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు, ఎవరు పలకరించినా తిరగలేదు.

మధ్యాహ్నం ఆఫీసరు వచ్చాడు. వెనక రెండు ట్రక్కులు, సైనికులు. వాళ్ల వెనక శిథిలాలు ఎత్తే కాంట్రాక్టరు, అతని గార్డులు, వాళ్ల రైఫిళ్లు.

"హాలు గంటలో ఖాళీ చెయ్యాలి. మిమ్మల్ని వేరే రాష్ట్రానికి బస్సుల్లో పంపుతారు. ఈ భవనం కాంట్రాక్టరు మనుషుల బసకి ఇచ్చారు."

"మా తాతలు కట్టిన హాలు వాడికివ్వడానికి నువ్వెవడివి?" అని అరిచింది జెనోబియా. ఇద్దరు సైనికులు ఆమె వైపు నడిచారు. జనం మెట్ల మీద వెనక్కి జరిగారు. ఇంకొక అడుగు జరిగితే అందరూ బస్సుల్లోనే ఉండేవారు.

అప్పుడు ఓడెట్ గంబో పులుసు వండే పెద్ద గిన్నె మూత తీసుకుని బయటికొచ్చింది. మెట్ల మీద నిలబడి గరిటెతో కొట్టింది. మూడు. ఆగింది. మళ్లీ మూడు.

ఆఫీసరు చూశాడు. "ఏమిటీ గోల? ఆపమ్మా."

"గోల కాదు, పిలుపు. నిన్న మా తమ్ముడు ఇట్లాగే పిలిచాడు. మా చెవులు మొద్దుబారి ఉన్నాయి, వినలేదు."

"ఆపమంటున్నాను!"

"మా తుపాకులు మాకివ్వు, ఆపుతా. మాట చెప్పిన పడవ పంపు, ఆపుతా. అదిగో, ఆ గార్డుల చేతుల్లోవి లాక్కో, అప్పుడు ఒకటే చట్టమని ఒప్పుకుని ఆపుతా. ఏది చేస్తావు?"

ఆఫీసరు ఏదీ చెయ్యలేదు. ఆమె కొట్టింది. ఫిలొమీన్ తన చేతికర్రతో ఇనుప రెయిలింగు మీద కొట్టింది. ఆడవాళ్లు గిన్నెలు, పళ్లేలు, నీళ్ల డబ్బాలు తెచ్చారు. మూడు కొట్టి ఆగుతున్నారు, మళ్లీ మూడు. ఎవరూ నేర్పలేదు, ఆ వార్డులో పుట్టినవాళ్లకి ఒకరు నేర్పక్కర్లేదు. వెనక్కి జరిగిన జనం మెట్లు దిగి ముందుకొచ్చారు. లోపల గోడవైపు తిరిగిన ప్రాస్పర్ లేచాడు. గూట్లోంచి పెద్ద డప్పు దించి, పట్టీ మెడలో వేసుకుని, జనాన్ని తోసుకుంటూ ఓడెట్ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"చెయ్యి ఎత్తమన్నది నేను," అన్నాడు ఆమెతో.

"ఎత్తింది నేను. కొట్టు."

డప్పు మోగింది. కాంట్రాక్టరు చెవులు మూసుకున్నాడు. గార్డులు రైఫిళ్లు ఎత్తారు. కుర్ర సైనికుడు, ఆనాడు ఓడెట్ వంటింట్లో నవ్వినవాడు, ఎవరివైపు చూడాలో తెలియక తన బూట్లవైపు చూసుకున్నాడు.

ఓడెట్‌నీ, ప్రాస్పర్‌నీ, జెనోబియానీ పట్టుకుని చేతులకి బేడీలేసి ట్రక్కెక్కించారు. మూత లాక్కుని రోడ్డు మీద పారేశారు, డప్పు తోలు కత్తితో కోశారు. మెట్ల మీద చప్పుడు ఆగలేదు. ఎవరూ బస్సెక్కలేదు.

ట్రక్కు కదిలాక ఓడెట్ బేడీలున్న చేతులు ఎత్తి ట్రక్కు ఇనుప గోడ మీద కొట్టింది. మూడు. మణికట్టు తోలు లేచింది. నొప్పి తెలిసింది. ఎన్నాళ్లకో ఆమెకి తెలిసిన మొదటి నొప్పి అది.

"ఆపు, ముసలీ!" అన్నాడు కాపలావాడు.

ఆపింది, వినడానికి. కాలువ అవతల ఏ వార్డో, ఎవరి ఇళ్లో ఆమెకి తెలియదు, అక్కడ తుపాకులు అంతకుముందే పట్టుకుపోయారు. ఆ నీళ్ల మీదుగా, రేకుల మీద, ఎవరో మూడు దెబ్బలు కొట్టారు. ఆగారు. మళ్లీ మూడు.

అప్పుడు ఓడెట్‌కి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చేతులెత్తి వాళ్లకి జవాబు కొట్టింది.